మొదటి యాభై పేజీలు

ఢిల్లీలో ఒకావిడ ఉందనీ, మన భాషల్లోంచి ఇంగ్లీషులోకి వచ్చిన నవలలు చదివి, నచ్చినవాటిని పెద్ద ప్రచురణకర్తల దగ్గరికి తీసుకెళ్లి ఒప్పిస్తుందనీ, అలాంటివాళ్లను సాహిత్య ఏజెంట్లు అంటారనీ నాకు తెలిసేనాటికి నా నవల తెలుగులో అచ్చయి చాలా ఏళ్లయింది. అచ్చయిందంటే ఎవరో వేయలేదు, నేనే వేయించుకున్నాను. పంచగా మిగిలిన కాపీలు మా మంచం కింద ఉన్నాయి. ఊడుస్తుంటే చీపురు వాటికి తగిలినప్పుడల్లా మా ఆయన, "పాపం, చెదపురుగులు కూడా ముందుమాట దాటి లోపలికి పోలేదు" అనేవారు. ఆయన లెక్కల మాస్టారు. లెక్కల మాస్టార్ల హాస్యం అలాగే ఉంటుంది.

మా కాపురం జగ్గయ్యపేటలో. ఉద్యోగం నందిగామలో, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పడం. సీటు దొరికిన రోజున బస్సులో, దొరకని రోజున స్టాఫ్ రూములో, ఆ నవలను నేనే వాక్యం వాక్యం ఇంగ్లీషులోకి మార్చుకున్నాను. అది మా నాయనమ్మ గురించి రాసిన నవల. చందర్లపాడు వైపు చేలల్లో మిరపకాయ కోతలకు ఆడవాళ్లను పోగేసి తీసుకుపోయే ముఠా మేస్త్రి ఆవిడ. చదువు లేదు, నోరుంది. ఆసాములు ఆవిడ వస్తుంటే గట్టు దిగేవాళ్లు. నాకీ నోరు ఆవిడ నుంచే వచ్చిందని మా అమ్మ ఎత్తిపొడిచేది. మమ్మల్ని ఎరగనివాళ్లు, మా కులమేమిటో మా చర్చి ఏమిటో అక్కర్లేనివాళ్లు, ఒక్కరైనా ఆవిడ బతుకు చదవాలి. ఆ వయసుకి నాకు మిగిలిన కోరిక అదొక్కటే. మిగతా కోరికలు కరెంటు బిల్లుల్లాగా వచ్చాయి, పోయాయి.

ఢిల్లీ ఆవిడ వెబ్‌సైటులో నిబంధనలు చదివితే పెళ్లిచూపుల నిబంధనలు నయమనిపించింది. అక్షరం సైజు పన్నెండు. వరుసకీ వరుసకీ మధ్య ఇంకో వరుస పట్టేంత ఖాళీ. నాలుగు వైపులా అంగుళం మార్జిన్. ప్రతి పేజీ నెత్తిన ఇంటిపేరు, నవల పేరు, పేజీ నంబరు. ఇంటిపేరంటే నాన్నదా, మొగుడిదా? పుస్తకం మీద ఒకటి, ఆధార్ మీద ఒకటి. ఆవిడకు అదంతా ఎందుకు, ఒకటి పెట్టాను. అన్నిటికంటే ముఖ్యమైన నిబంధనను లావు అక్షరాల్లో రాశారు: మొదటి పేజీ నుంచి వరుసగా యాభై పేజీలకు మించకుండా పంపండి, మధ్య మధ్యలోంచి ఏరి పంపవద్దు, మేం ముందు పేజీలే చదువుతాం, మీ ఉత్తరమూ కథాసారమూ ఆ తర్వాతే చూస్తాం.

నాకు నచ్చింది ఆ మాట. సిఫారసు చూడం, సరుకు చూస్తాం అన్నట్టుంది.

నేను టైపు చేసింది కాలేజీ కంప్యూటర్లో, ముక్కలు ముక్కలుగా. దాన్ని ఒక రూపానికి తేవడానికి మా బజార్లోని డీటీపీ సెంటరుకి వెళ్లాను. ఆయన శుభలేఖలు, చర్చి కన్వెన్షన్ పోస్టర్లు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు చేస్తాడు. నా తెలుగు పుస్తకం పేజీలు కట్టింది కూడా ఆయనే.

"ఏజెంటంటే ఏ ఏజెంటండీ మేడమ్? మిరపకాయల ఏజెంటా, గల్ఫు ఏజెంటా?"

"పుస్తకాల ఏజెంటు."

"దానిక్కూడా ఉంటారా! కమీషన్ తీసుకుంటారా?"

"అమ్ముడుపోతే తీసుకుంటారు."

"అయితే ఇబ్బంది లేదులెండి" అన్నాడు, నా మొహం చూడకుండా.

వరుసల మధ్య ఖాళీ పెట్టమంటే పెట్టి, వెనక్కి వాలి చూశాడు. "ఇంత ఖాళీ ఏంటండీ? ఈ సందులో ఇంకో నవల పడుద్ది." అక్షరం సైజు చిన్నగా ఉందని పెంచేశాడు, నేను తగ్గించమన్నాను. కథలో చోటు మారినప్పుడు మధ్యలో ఒక చిన్న గుర్తు పెట్టమంటే ద్రాక్షగుత్తి బొమ్మ పెట్టాడు, చర్చి పెళ్లికార్డుల్లో పెట్టే గుత్తి, రెండు ఆకులతో సహా. తీసేయమంటే నొచ్చుకున్నాడు. "పాస్టరుగారి అమ్మాయి కార్డుక్కూడా ఇదే పెట్టానండి. అందరూ బాగుందన్నారు."

"ఢిల్లీలో ద్రాక్షపళ్లు బండి మీదే అమ్ముతారండీ. పుస్తకంలో పెట్టరు."

ఇదంతా తేలిక. తేలనిది మొదటి పేజీ ఏది అన్నది.

ఇప్పుడు ఇది చదివేవాళ్లలో ఎవరైనా నవ్వితే నవ్వండి, కానీ మీ ఇంట్లో ఉన్న ఏ తెలుగు పుస్తకమైనా తీసి చూసి నవ్వండి. మన పుస్తకం కథతో మొదలవుతుందా? అంకితం, ఆ తర్వాత పెద్దవాళ్ల ముందుమాటలు, ఎంతమంది రాస్తే అంత గౌరవం, ఆ తర్వాత రచయిత మాట, కృతజ్ఞతలు. కథ వచ్చేసరికి పాఠకుడు ఒకసారి కాఫీ తాగి వస్తాడు. మా వైపు సభలూ అంతే. చర్చి కన్వెన్షన్‌లో ప్రసంగీకుడు మైకు ముందుకొచ్చేలోపు అధ్యక్షుడు, ఆహ్వానించినవాడు, పరిచయం చేసినవాడు, పరిచయం చేసినవాణ్ణి పరిచయం చేసినవాడు మాట్లాడి దిగుతారు. అది లేకపోతే వచ్చినాయన ఎవరో దిక్కులేనివాడనుకుంటారు.

నా పుస్తకానికి మూడు ముందుమాటలు. ఒకటి నాకు డిగ్రీలో తెలుగు చెప్పిన మాస్టారిది, రెండోది విజయవాడలో ఉండే ఒక విమర్శకుడిది, మూడోది రిటైరైన ఒక పెద్ద అధికారిది. అధికారిగారు నవల చదవలేదు. ఆ సంగతి తనే మొదటి వాక్యంలో రాసుకున్నారు, "సమయాభావం వల్ల" అని. అయినా ఆయన పేరు కోసం వేసుకున్నాను. ఎందుకంటే క్రైస్తవుల ఇంటి ఆడమనిషి ఒక కూలి మేస్త్రి మీద నవల రాసిందంటే, ఇక్కడ ఎవరూ ముందు "ఏం రాసింది?" అని అడగరు. "ఎవరు బాగుందన్నారు?" అని అడుగుతారు.

మాస్టారు నందిగామలోనే ఉంటారు. ఎనభై దాటాయి. ఇంగ్లీషు పుస్తకం ఢిల్లీ పోతోందనగానే నన్ను ఇంటికి పిలిపించారు. పాత ముందుమాటను పెంచి రాశారు. తెలుగు నవల పుట్టుకతో మొదలుపెట్టి, నందిగామ తాలూకా చరిత్ర మీదుగా నడిచి, వేదాద్రి నరసింహస్వామికి ఒక నమస్కారం పెట్టి, ఆ తర్వాతెప్పటికో "ఈ రచయిత్రి నా శిష్యురాలు" అన్న చోటికి వచ్చారు. మా నాయనమ్మ చివరి పేరాలో వచ్చింది.

"అమ్మాయ్, ఇది ఇంగ్లీషులో నువ్వే చెయ్యి. నా పదబంధాలు పాడుచెయ్యకు."

"వాళ్లకి ఇంత చరిత్ర అవసరమంటారా మాస్టారూ?"

"ఢిల్లీ వాళ్లకి నువ్వెవరో ఏం తెలుసే? నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు?"

వాదించడానికి నాకు వంద కారణాలు ఉండాలి. ఒక్కటీ తట్టలేదు, ఎందుకంటే నాక్కూడా అది సబబుగానే అనిపించింది. ఆయన వాక్యాలు ఇంగ్లీషులోకి తిప్పడానికి వేసవి సెలవుల్లో సగం పోయాయి. డీటీపీ ఆయన ఒక్కడే పేజీల సంగతి ఎత్తాడు.

"ముందుమాటలే ముప్పై పేజీలు దాటాయండి, ఈ ఖాళీల వల్ల. యాభై దగ్గర ఆపితే మొదటి అధ్యాయం కూడా అవ్వదు. అధికారిగారిది తీసేద్దామా?"

"ఏరి పంపొద్దన్నారుగా. మొదటి పేజీ నుంచి వరసగా అన్నారు. తీసేస్తే అది ఏరడం కాదా?"

"నిజమేనండి" అన్నాడు. "అయినా పెద్దోళ్ల మాటల్లేకుండా పంపితే ఏం బాగుంటది."

నిబంధనను నేను అక్షరాలా పాటించాను. మార్జిన్ అంగుళమే ఉందో లేదో స్కేలు పెట్టి చూశాను. అంత శ్రద్ధగా పంపాను.

మూడు నెలలకు జవాబు వచ్చింది. కాలేజీ నుంచి వస్తూ, చిల్లకల్లు దగ్గర బస్సు ఆగి ఉంటే ఫోన్లో చూశాను. చాలా మర్యాదగా రాశారు. ఒక ప్రాంతీయ నవల మీద వివిధ విమర్శకులు రాసిన వ్యాసాల సంకలనంగా మీ పుస్తకం ఆసక్తికరంగా ఉంది, మొదటి వ్యాసం రాసిన పెద్దవారి పాండిత్యానికి మా అభినందనలు, అయితే సాహిత్య విమర్శ మేం తీసుకోం, చివర అనుబంధంగా ఇచ్చిన నవలా భాగం అర్ధంతరంగా ఆగిపోయింది, గమనించగలరు.

అనుబంధం. మా నాయనమ్మ అనుబంధం.

బస్సులో నా పక్కన కొడుకులు ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారని చెప్పిన ఒకామె కూర్చుంది. "ఏమ్మా, ఎవరన్నా పోయారా?" అని అడిగింది. లేదండీ అన్నాను. నమ్మలేదు. మంచినీళ్ల సీసా ఇచ్చింది.

ఇంటికొచ్చి చదివి వినిపిస్తే మా ఆయన పడీ పడీ నవ్వారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని నా వైపు చూసి ఆగిపోయారు. "సరే, అది నవలేనని రాసి మళ్లీ పంపు" అన్నారు. ఒకసారి కాదన్న రచనను మళ్లీ పంపవద్దని వాళ్ల సైటులో ఉంది. అయినా రాశాను. పొరపాటు జరిగింది, మా దగ్గర ఆచారం ఇది అని రాశాను, బతిమాలుతున్నట్టు రాశాను. నా జీవితంలో నేను ఎవరికీ అలా రాయలేదు. మెషీను జవాబిచ్చింది: మీ సందేశం అందింది, ధన్యవాదాలు.

మాస్టారికి సగమే చెప్పాను. మీ పాండిత్యాన్ని మెచ్చుకున్నారండీ అన్నాను. ఆ వాక్యం రెండుసార్లు చదివించుకున్నారు. "మరి నవల సంగతి?" అన్నారు. ఇంకా చూస్తున్నారట అన్నాను.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నేను ఏడ్చినా లోపల కొంచెం గట్టిగానే ఉన్నాను. వాళ్లు నన్ను కాదనలేదు, నన్ను చదవనే లేదు. తప్పు మార్జిన్‌లలో ఉంది, ఆచారంలో ఉంది, నాలో లేదు. అలాంటి ఓటమితో మనిషి బతకగలడు. నలుగురికీ చెప్పుకుని, ఢిల్లీని తిట్టి, అన్నం తినగలడు. నేను స్టాఫ్ రూములో ఆ కథ చెప్పి అందర్నీ నవ్వించాను కూడా.

తర్వాత బొంబాయిలో ఇంకో ఏజెంటును పట్టుకున్నాను. ఆవిడకు మూడు అధ్యాయాలు చాలు. ఈసారి అంకితం తీసేశాను, ముందుమాటలు తీసేశాను, నా మాట తీసేశాను. డీటీపీ ఆయనకు భయం వేసింది.

"ఏంటండీ, మరీ బోడిగా? తలుపు తియ్యగానే వంటిల్లు వచ్చినట్టుంది."

"ఆవిడకి వంటిల్లే కావాలంట."

"అంకితం అన్నా ఉంచుదామండీ. మీ నాయనమ్మగారికేగా?"

"ఆవిడ లోపలుంది కదండీ" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే చెవులు మండుతాయి.

మొదటి పేజీలో మూడో వంతు దిగాక మధ్యలో "ఒకటి" అని, దాని కింద నా మొదటి వాక్యం. దానికి ముందు ఎవరూ లేరు. పేరాకీ పేరాకీ మధ్య ఖాళీ పెట్టకూడదు, పేరా మొదట్లో అర అంగుళం జరపాలి, అంతా కుడి అంచున సమంగా కాకుండా ఎగుడుదిగుడుగా వదిలేయాలి. వదిలేశాం. పంపాం.

బొంబాయి ఆవిడ త్వరగానే రాసింది. మీరు పంపిన పేజీలు మొదటి నుంచి చివరి దాకా చదివాను అని రాసింది. శ్రద్ధగా రాశారు, మీ ప్రాంతం గురించి చాలా తెలుసుకున్నాను, కానీ పేజీ తిప్పాలన్న ఆత్రం నాకు ఎక్కడా కలగలేదు, మన్నించండి.

దీన్ని స్టాఫ్ రూములో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక నందిగామ వెళ్లాను. మాస్టారికి ఇంక దాచాలనిపించలేదు. మొత్తం చెప్పేశాను, ఢిల్లీది, బొంబాయిది. ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుస్తూ విన్నారు.

"బొంబాయికి పంపినప్పుడు నా ముందుమాట పెట్టావా?"

"తీసేశానండీ."

"మరి అందుకే" అన్నారు. కోపంగా అనలేదు. జ్వరం ఎందుకొచ్చిందో తెలిసిన డాక్టరులా అన్నారు. "నువ్వెవరో చెప్పకుండా కథ చెబితే ఎవరు వింటారే పిచ్చిదానా? మజ్జిగ తాగి వెళ్లు."

నాకున్న నోటికి అక్కడ ఒక యుద్ధం జరగాలి. మజ్జిగ తాగి వచ్చేశాను.

కానీ బొంబాయి ఆవిడతో మాత్రం వాదించాలనుకున్నాను, ఉత్తరంలో కాదు, నాలో నేను. పెన్సిల్ తీసుకుని, ప్రింటు తీసిన ఆ మూడు అధ్యాయాలూ ముందు పెట్టుకుని, పేజీ తిప్పక తప్పనిచోట గీత గీద్దామని కూర్చున్నాను. నేను పేపర్లు దిద్దే మనిషిని. పిల్లల రాతలో ఎక్కడ ప్రాణముందో, ఎక్కడ గైడులోంచి దించారో ఒక చూపుకి తెలుస్తుంది నాకు. వరుసల మధ్య అంత ఖాళీ ఉండేసరికి, నా వాక్యాలు నావి కానట్టు, ఎవరో అమ్మాయి జవాబుపత్రంలో రాసినట్టు కనిపించాయి.

మొదటి అధ్యాయమంతా ఊరు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, కాలువ ఎప్పుడు తవ్వారు, మా వాళ్లు ఎప్పుడు క్రీస్తును నమ్ముకున్నారు, మిరప ఎప్పుడొచ్చింది, పత్తి ఎప్పుడు పోయింది. రెండో అధ్యాయంలో మా ముత్తాత, ఆయన నిజాయితీ, పాత దొరలు ఆయన్ను మెచ్చుకోవడం. మూడో అధ్యాయం సగంలో నాయనమ్మ చేలోకి నడిచి వస్తుంది. వచ్చి నిలబడుతుంది. ఆవిడ ఎంత ధైర్యస్థురాలో, ఎంత నోరు గలదో నేను రెండు పేజీలు వివరించాను. అధ్యాయం అయిపోయింది.

మూడు అధ్యాయాల్లో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు.

పెన్సిల్ పెట్టేశాను. ముందుమాటలు తీసేశాననుకున్నాను గానీ, నేను రాసిందే ముందుమాట. మా వాళ్లు కూడా కథకు తగినవాళ్లేనండీ, దయచేసి కూర్చోనివ్వండి అని మూడు అధ్యాయాలు వేడుకున్నాను. ఎవరు అడిగారు? ఢిల్లీ ఆవిడ అడిగిందా? ఆసామి గట్టు మీద నిలబడితే "దిగవయ్యా, నీడ పడతాంది" అన్న మనిషి గురించి రాస్తూ నేను గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాను.

ఆ "దిగవయ్యా" కూడా ఆవిడ అన్న మాటేనో కాదో నాకిప్పుడు తెలియదు. మా అమ్మ చెప్పిందో, నేను కల్పించానో. దాన్ని కూడా నవలలో పెట్టలేదు, మొరటుగా ఉందని.

"అయితే దిద్దుకో. మొదటి రెండూ తీసేసి, ఆవిడ మాటతో మొదలుపెట్టు" అన్నారు మా ఆయన. లెక్క తప్పితే పైనుంచి మళ్లీ చేయమనే మనిషి ఆయన. చేశాను. కాగితం పెట్టుకుని, ఆవిడను చేలో నిలబెట్టి, మాట్లాడవే అన్నాను. ఆవిడ నోరు తెరిస్తే మాస్టారి తెలుగు వచ్చింది. కొట్టేసి మళ్లీ రాస్తే నా క్లాసు తెలుగు వచ్చింది. ఇంకోసారి రాస్తే సినిమాలో ముసలమ్మ మాట్లాడింది. ఆవిడ కోతల మీద ఎలా కేకేసేది? ఆడవాళ్లను ఏమని పిలిచేది? పిల్లా అనేదా, అమ్మే అనేదా? చందర్లపాడులో ఆవిడతో కోతలకు పోయిన ఒకామె ఉందని విని వెళ్లాను. ఆమెకు నేనెవరో చెప్పడానికే చాలాసేపు పట్టింది. "మీ నాయనమ్మా? గట్టిది. బాగా మాట్టాడేది" అంది. ఏం మాట్లాడేది అంటే, "ఏమోనమ్మా, బాగా మాట్టాడేది" అంది. ఆ మాట నా నవలలో ఇరవై చోట్ల ఉంది.

మా అమ్మ పోయింది. మా మేనత్త పోయింది. మా ఇంట్లో ఆవిడ మాట విన్న చెవుల్లో మిగిలినవి నావే, వాటిని నేను చదువుతో కడుక్కున్నాను. ఆవిడ ఉండగా నేను ఆ మాటలు వినకుండా పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఎవరిని తిట్టను? ఢిల్లీకి ఒక తిట్టు ఉంది, బొంబాయికి ఒకటి ఉంది, దీనికి తిట్టు దొరకడం లేదు.

హైదరాబాదులో కొత్తగా ఒక ఏజెంటు మొదలుపెట్టిందట, పది పేజీలు చాలట, అక్షరాల సైజులూ మార్జిన్లూ పట్టించుకోదట. స్టాఫ్ రూములో తెలుగు మేడమ్ వివరాలు ఫోన్లో పంపింది. తెరిచి చూశాను. పది పేజీలు పంపాలంటే పది పేజీలు ఉండాలి.

మొన్న డీటీపీ ఆయన ఫోన్ చేశాడు.

"మేడమ్, సిస్టమ్ నిండిపోయిందండి. పాత ఫైళ్లు తీసేస్తన్నా. మీ నవలవి రెండు రకాలున్నాయి కదా, ముందుమాటల్తో ఒకటి, లేకుండా ఒకటి. ఏది ఉంచమంటారు?"

"మీ ఇష్టమండీ" అన్నాను.

అవతల ప్రింటరు కదులుతున్న చప్పుడు వినిపించింది.

"ఒంట్లో బాగుందా మేడమ్?" అన్నాడు.